స్పిరిటెడ్ అవే చూశాక ఒక ప్రశ్న: మీ ఊరి కాలువ పేరు మీకు తెలుసా?

గట్టుమీద_గాలి | భీమవరం దగ్గర పల్లెటూరు | మే 11, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. సినిమాల విభాగంలోనే రాస్తున్నాను గానీ విషయం కొంచెం కాలవలోకి కూడా దిగుతుంది.

మా అమ్మాయి నాలుగో తరగతి అయిపోయి సెలవుల్లో ఉంది. నిన్న రాత్రి ఇద్దరం కూర్చుని 'స్పిరిటెడ్ అవే' చూశాం. 2001లో హయావో మియజాకి తీసిన జపాన్ యానిమేషన్ సినిమా. చిహిరో అనే పదేళ్ళ పిల్ల అమ్మానాన్నలతో కలిసి దారి తప్పి దేవతలు స్నానానికొచ్చే ఒక పెద్ద స్నానశాలకి చేరుతుంది. దాన్ని నడిపే మంత్రగత్తె ఆ పిల్లని పనిలో పెట్టుకుంటూ ముందు ఆమె పేరు లాగేసుకుంటుంది. ఇక నీ పేరు సెన్ అంటుంది. అసలు పేరు మర్చిపోతే ఇంటికి దారి కూడా మర్చిపోతావని అక్కడే ఉన్న హాకు అనే కుర్రాడు హెచ్చరిస్తాడు. ఎందుకంటే అతను అప్పటికే తన పేరు మర్చిపోయాడు. చివర్లో ఆ పిల్లకి గుర్తొస్తుంది, చిన్నప్పుడు నీళ్ళలో పడ్డ చెప్పు కోసం వంగి తను ఒక ఏట్లో పడిపోయిందని, ఆ ఏరు పేరు కొహాకు అని. ఆ కుర్రాడే ఆ ఏరు. ఏరుని పూడ్చేసి అపార్ట్‌మెంట్లు కట్టేశారు, అందుకే అతనికి తిరిగి వెళ్ళడానికి చోటు లేదు. పేరు చెప్పగానే, డ్రాగన్ రూపంలో ఉన్న అతని ఒంటి మీద పొలుసులన్నీ రాలిపోతాయి.

ఈ పొద్దున పాలకి వెళ్తుంటే అమ్మాయి కూడా వచ్చింది. వేసవి కదా, కాలవకి నీళ్ళు ఆపేశారు, అడుగు బయటపడింది. బురద ఎండి పెచ్చులుగా లేచింది. అందులో రొయ్యల మేత బస్తాలు, సెలైన్ సీసాలు, పోయిన వినాయక చవితి విగ్రహం ఇనుప చట్రం, సగం కూరుకుపోయిన సైకిల్ చక్రం. సినిమాలో కూడా సైకిల్ ఉంది. కంపు కొట్టే దేవత ఒకటి స్నానానికి వస్తే అందరూ ముక్కు మూసుకుంటారు. చిహిరో దాని ఒంట్లో ముల్లులా గుచ్చుకున్నదేదో చూసి తాడు కడుతుంది. అందరూ కలిసి లాగితే సైకిల్ వస్తుంది, దాని వెనకాల లారీడు చెత్త వస్తుంది. అదంతా పోయాక తెలుస్తుంది, అది కంపు దేవత కాదు, నది దేవత అని.

మా అమ్మాయి ఆ చక్రం కేసి చూసి, "నాన్నా, మన కాలవ పేరేంటి?" అంది. కాలవే అన్నాను. "అది పేరు కాదు కదా" అంది.

నాకు 41 ఏళ్ళు. ఆ కాలవలోనే ఈత నేర్చుకున్నాను. పేరు తెలియదు. మన సినిమాల్లో గోదావరిని ఎన్ని వందల సార్లు చూశామో లెక్కలేదు. అయినా ఇలాంటి ప్రశ్న ఒక్కటీ మనకి ఎందుకు రాలేదు? ఇక్కడ సినిమాల గురించి లోతుగా ఆలోచించేవాళ్ళున్నారు, చెప్పండి.

కొవ్వూరు_కుర్రాడు | మే 11, రాత్రి 11:15

అన్నా, పేరు అనగానే నాకు కుమారదేవం చెట్టు గుర్తొచ్చింది. మా ఊరికి దగ్గరే. గోదావరి గట్టున 150 ఏళ్ళ నాటి నిద్రగన్నేరు. 2024 ఆగస్టులో కూలిపోయింది. ఆ రోజు మా నాన్న పని మానుకుని వెళ్ళి చూసొచ్చారు. వందల సినిమాలు తీశారు దాని కింద. అందరూ సినిమా చెట్టు అనేవారు, నేనూ అంతే. అది నిద్రగన్నేరు అని నాకు పేపర్లో కూలిపోయిన వార్త చదివినప్పుడు తెలిసింది.

చెట్టుకి సినిమా ఒక పేరిచ్చింది, దాని సొంత పేరు వెనక్కి పోయింది. మీరన్న పేరు లాక్కోవడం ఇదేనేమో అనిపిస్తోంది. కానీ ఆ పేరు లేకపోతే చెట్టు పడిపోయిందని రాష్ట్రమంతా ఏడ్చేదా? గట్టు మీద ఏటా ఎన్నో చెట్లు పడతాయి. రెండూ నిజమే అనిపిస్తోంది, తేల్చుకోలేకపోతున్నాను.

పాతపుస్తకం | రాజమండ్రి, తెలుగు అధ్యాపకుడిగా రిటైరయ్యాను | మే 12, ఉదయం 6:05

గట్టుమీద గాలి గారూ, మీ అమ్మాయి అడిగింది మంచి అలంకారశాస్త్ర ప్రశ్న. నేను పాఠం చెప్పేటప్పుడు పిల్లలకి ఎప్పుడూ అర్థంకాని చోటొకటి ఉండేది, విభావాల దగ్గర. కావ్యం చదివితే, నాటకం చూస్తే మనసులో కలిగే అనుభూతి రసం. అది పుట్టడానికి కారణమైనవి విభావాలు. అవి రెండు రకాలు. ఎవరిని ఆశ్రయించి భావం పుడుతుందో అది ఆలంబన విభావం. ఆ భావాన్ని రాజేసేవి, అంటే వెన్నెల, తోట, పిల్లగాలి, ఏటి ఒడ్డు, ఇవి ఉద్దీపన విభావాలు. శకుంతల ఆలంబనం, మాలినీ తీరం ఉద్దీపనం.

మన సినిమాల్లో గోదావరి దాదాపు ఎప్పుడూ ఉద్దీపనమే. ఇద్దరు ప్రేమించుకోవాలి, వెనకాల పడవ వెళ్ళాలి. ఒకరు చనిపోవాలి, వెనకాల సంధ్య వాలాలి. గోదావరి మీద ప్రేమ పుట్టదు, గోదావరి దగ్గర ప్రేమ పుడుతుంది. ఏటికి ఏమైనా అయిందా అనే ఆదుర్దా ప్రేక్షకుడికి రాకపోవడానికి కారణం అదే. మీరు చూసిన జపాన్ సినిమాలో ఏరు ఆలంబనం అయింది. ఏరుకి దెబ్బ తగిలింది, ఏరు పేరు మర్చిపోయింది, ఏరు మీద కరుణ పుట్టింది. మీరు చెప్పిన రెండు ఘట్టాల్లోనూ రసం ఆ ఏరునే పట్టుకుని ఉంది.

కొవ్వూరు నాయనా, నీ చెట్టు కూడా యాభై ఏళ్ళు ఉద్దీపనంగా బతికి, కూలిన రోజున ఆలంబనం అయింది. అంతకు ముందు దాని నీడ చూశాం, దాన్ని చూడలేదు.

ఒక మినహాయింపు చెప్పకపోతే తప్పు. 1967లో బాపు తన మొదటి సినిమా 'సాక్షి'ని పులిదిండిలో తీశారు. అందులో ఊరు వెనకాల తెర కాదు. ఒక అమాయకుడికి ఊరంతా ఎలా ఎదురు తిరుగుతుందో, ఎలా మొహం చాటేస్తుందో అదే కథ. రేవు, పంటు, గుడి అన్నీ కథలో పనిచేస్తాయి. అలా తీయడం మనకి చేతకాక కాదు.

రొయ్యల_చెరువు_రాజు | మే 12, ఉదయం 9:30

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే ఒక మాట చెప్తాను, ఏమీ అనుకోకండి.

మీరంతా ఏరు దేవత అంటున్నారు. మా కాలవలు దేవతలు కావండీ, దొరల ఇంజనీరింగు. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాడు. అంతకుముందు 1830ల్లో కరువుకి జనం ఊళ్ళు వదిలిపోయారని మా పెద్దోళ్ళు చెప్పేవారు. ఇప్పుడు సినిమాలో సృష్టి మొదలైనప్పటినుంచీ ఇలాగే పచ్చగా ఉన్నట్టు చూపించే డెల్టా వయసు 170 ఏళ్ళు. ఎవరో లెవెళ్ళు తీసి, మట్టి మోసి, లాకులు కట్టి చేసింది. ఆ మట్టి మోసినోళ్ళని ఏ సినిమా చూపించింది?

ఇంకోటి. నాది ఆరెకరాల చెరువు. సినిమా వాళ్ళు మా ఊరొస్తే చెరువు ఫ్రేములోకి రాకుండా కెమెరా పక్కకి తిప్పుతారు. వరి చేను కావాలి, కొబ్బరి చెట్టు కావాలి. రాత్రి రెండింటికి కరెంటు పోతే ఆక్సిజన్ పడిపోతుందని ఏరేటర్ల కోసం జనరేటర్ దగ్గరికి పరిగెత్తే మా టెన్షన్ ఎవరికీ అక్కర్లేదు. 2011లో కోనసీమ రైతులు సార్వా వరి (ఖరీఫ్ పంట) వెయ్యం అని క్రాప్ హాలిడే పెట్టారు. చేలన్నీ బీడుగా ఉన్న ఆ ఏడాది కూడా సినిమాల్లో కోనసీమ పచ్చగానే ఉంది.

కాబట్టి పేర్లు గుర్తు చేసుకోవడం బాగానే ఉంటుంది గానీ, మా కాలవ చివరి భూములకి నీళ్ళు రావాలంటే పేరుతో పని లేదు, వంతు సరిగ్గా రావాలి.

గట్టుమీద_గాలి | మే 12, ఉదయం 10:02

రాజు గారూ, మేత బస్తాల గురించి నేను రాసింది మిమ్మల్ని ఉద్దేశించి కాదండీ. మా పెదనాన్న గారికీ చెరువులున్నాయి. నేనే వాటి మీద చదువుకున్నాను.

బ్యాంకు_కెనాల్_అమ్మాయి | మే 12, మధ్యాహ్నం 1:20

మాది బ్యాంకు కెనాల్. ఏటిగట్టు వెంబడి వెళ్తుంది కాబట్టి దొరల కాలంలో ఆ పేరు వచ్చిందట. చిన్నప్పుడు ఆ కాలవలో డబ్బు దాచారని నమ్మేదాన్ని. ఇంగ్లిషు పేరైనా, కనీసం ఏ వైపు పోతుందో చెప్తోంది. మిగతా సంగతి మీరు మాట్లాడుకోండి, చదువుతున్నాను.

అట్టపెట్టెల_డిజైనర్ | రావులపాలెం | మే 12, రాత్రి 9:48

నేను మాట్లాడాల్సిన విషయం ఇది. పదకొండేళ్ళుగా నా పని స్వీటు షాపులకీ హోటళ్ళకీ పెట్టెలు, బోర్డులు డిజైన్ చెయ్యడం. అంటే మాస్టారు చెప్పిన ఉద్దీపనాన్ని కేజీల్లెక్కన అమ్మేది నేనే.

షాపాయన వచ్చి కూర్చుంటాడు. "గోదావరి ఫీల్ రావాలి" అంటాడు. రెండు కొబ్బరి చెట్లు, తెరచాప పడవ, అస్తమించే సూర్యుడు, లంగావోణీలో బాపు బొమ్మ. బాపు గారు నరసాపురంలో పుట్టిన మనిషి, ఆయన గీతలో ఈ నేల ఉంది. కానీ ఇప్పుడు బాపు బొమ్మ అంటే పెద్ద కళ్ళూ, పొడుగు జడా, అంతే. ఒకసారి ఒక పెట్టె మీద వాడిన పడవ ఫొటో పెద్దది చేసి చూస్తే తాటాకు చూరు లాంటి గుడిసె ఉంది పడవ మీద. అది కేరళ పడవ. ఇంటర్నెట్లో కొన్న ఫొటో. మన నావ అలా ఉండదు. నేను మార్చేలోపే పదివేల పెట్టెలు అచ్చయిపోయాయి, ఎవ్వరూ కనిపెట్టలేదు. గోదావరి జిల్లా వాళ్ళే కొన్నారు, గోదావరి జిల్లా వాళ్ళే చుట్టాలకి పట్టుకెళ్ళారు. ఆ రోజు నాకు నిద్ర పట్టలేదు. మన పడవ ఎలా ఉంటుందో మనకే గుర్తు లేదు.

కానీ బ్రాండింగంటే పై పూతే, లోపల ఏమీ ఉండదని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోను. మా ఆత్రేయపురం వచ్చి పూతరేకు తీసేటప్పుడు చూడండి. కుండని బోర్లించి పెడతారు, కింద కొబ్బరాకుల మంట. నున్నగా రుబ్బిన బియ్యప్పిండి పాల కంటే పల్చగా ఉంటుంది. అందులో గుడ్డ ముంచి, రెండు చేతులతో విప్పి, కాలిన కుండ మీద ఒక్కసారి పరుస్తారు. గుడ్డ తీసే లోపే రేకు ఎండి అంచులు లేస్తాయి. మంట ఎక్కువైతే నల్లమచ్చ, తక్కువైతే అతుక్కుపోతుంది. తీసే ఆవిడ మంట కేసి చూడదు, చప్పుడు వింటుంది. ఒక రేకు అడ్డం పెట్టుకుని చూస్తే అవతల మనిషి కనిపిస్తాడు. ఇది పూతే కదా? పూత తీసేస్తే లోపల ఏముంటుంది? ఏమీ ఉండదు. పూతే అసలు వస్తువు.

అందుకని పై రూపం అబద్ధం, లోపలిదే నిజం అనే వేదాంతం నాకు సరిపడదు. ఆ రేకు ఎవరి చేతిలో, ఏ కుండ మీద, ఏ మంటతో వచ్చిందో దాని రూపంలోనే కనిపిస్తుంది. నా కేరళ పడవకి అది లేదు. ఎక్కడిదైనా కావచ్చు, అందుకే ఎక్కడైనా అతికింది. 2023లో ఆత్రేయపురం పూతరేకుకి జీఐ గుర్తింపు వచ్చింది. నాకు అది ఒక ముద్ర కంటే పెద్దది. ఈ పేరు ఈ ఊరిదే అని ఒకరు రాసిపెట్టారు. ఇంకో ఊరు వాడుకోకూడదు అన్నారు. మియజాకి సినిమాలో పేరు తిరిగి రావడం లాంటిదే.

పాతపుస్తకం | మే 13, ఉదయం 6:20

డిజైనర్ గారూ, మీ పూతరేకు మాట రాత్రంతా నా మనసులో ఉంది.

పాత అలంకారశాస్త్రకారులు భట్టనాయకుడు, ఆయన తర్వాత అభినవగుప్తుడు సాధారణీకరణం అని ఒక మాట చెప్పారు. సీతా వియోగం రాముడి సొంత వ్యవహారం. నాటకం చూస్తుంటే అది రాముడిది కాకుండా, నాదీ కాకుండా, అందరిదీ అవుతుంది. నేనింతకాలం బ్రాండు కూడా అదే పని చేస్తుందేమో అనుకునేవాణ్ణి. ఒక ఊరి నది అందరి నది అవుతోంది కదా అని. మీరు రాసింది చదివాక తేడా తెలిసింది. కావ్యం ఒక విశేషాన్ని, అంటే ఫలానా అని చెప్పగల ఒక్కదాన్ని పట్టుకుని, దాన్ని వదలకుండానే, అందరికీ చేరుస్తుంది. ఆ ఏరు పేరు కొహాకు. ఆ చెప్పు పడిపోయింది ఆ ఒక్క నీళ్ళలోనే. అయినా భీమవరం పిల్లకి తన కాలవ గుర్తొచ్చింది. మీ పెట్టె మీద బొమ్మ విశేషాన్ని ముందే తీసేసి సాధారణం చేస్తోంది. అందుకే కేరళ పడవ వచ్చి కూర్చున్నా ఎవరికీ తెలియలేదు.

రాజు గారూ, మీరు చెప్పినదాంట్లో ఒక్క అక్షరం కాదనను. మట్టి మోసినవాళ్ళ మాట నేను మర్చిపోయాను. చెప్పింది మంచిదయింది.

మాధవపట్నం_మనవరాలు | కాకినాడ | మే 13, రాత్రి 8:11

మా తాతగారి వాళ్ళది తోలుబొమ్మలాట కుటుంబం. ఇక్కడ యానిమేషన్ అంటున్నారు కాబట్టి రాస్తున్నాను. తోలు బొమ్మని నేల మీద పెడితే మురికి రంగులో, మడతలు పడ్డ చర్మంలా ఉంటుంది. వెనకాల దీపం పెడితేనే ఎరుపు ఎరుపవుతుంది. సీతమ్మ నగలు రంగుతో వెయ్యరు. సన్నటి ఉలితో చిల్లులు కొడతారు. తెర మీద మెరిసే హారం, వడ్డాణం, చెవి కమ్మలు, అవన్నీ ఖాళీలు. ఖాళీలోంచి వచ్చే వెలుతురే నగ. చిన్నప్పుడు తాతగారి పక్కన కూర్చుని ఆ చిల్లుల మీద వేలు పెట్టి మూస్తే తెర మీద ఒక్కో నగా ఆరిపోయేది. పూత గురించి డిజైనర్ గారు రాసింది చదివితే ఇదే గుర్తొచ్చింది.

మాస్టారు చెప్పిన విశేషం సంగతి కూడా అందులో ఉందండి. రామాయణం కథ అందరికీ తెలిసిందే. మధ్యలో నవ్వించడానికి జుట్టుపోలిగాడు, బంగారక్క వస్తారు. వాళ్ళు మాత్రం ఆట ఏ ఊళ్ళో ఆడితే ఆ ఊరి వాళ్ళే. తాతగారు మధ్యాహ్నమే ఊరంతా తిరిగి, చెరువు పేరు, లాకు పేరు, ఎవరి గేదె తప్పిపోయిందో కనుక్కుని వచ్చేవారు. రాత్రి బంగారక్క ఆ రేవులోనే నీళ్ళకెళ్ళేది. జనం ఉలిక్కిపడి నవ్వేవారు. లంక ఎక్కడో ఉంది గానీ బంగారక్క మాత్రం మన రేవులో ఉంది.

మా బాబు 'ఛోటా భీమ్' చూస్తాడు. 2008 నుంచి వస్తోంది, తయారుచేసేది హైదరాబాద్‌లోనే. మన వాళ్ళు దేశమంతా గెలిచారని నాకు సంతోషమే. కానీ భీమ్ ఉండే ఆ ధోలక్‌పూర్ ఏ ఏటి ఒడ్డున ఉందని మా బాబుని అడిగితే వాడి దగ్గర జవాబు లేదు. అన్ని రాష్ట్రాల పిల్లలకీ చేరాలంటే ఊరికి ఏరు ఉండకూడదేమో. తాతగారి ఆట మాత్రం ఏరు లేకుండా మొదలయ్యేది కాదు.

కొవ్వూరు_కుర్రాడు | మే 13, రాత్రి 8:30

అక్కా, ఆ బొమ్మలు ఇంకా ఉన్నాయా?

మాధవపట్నం_మనవరాలు | మే 13, రాత్రి 8:34

కొన్ని ఉన్నాయి తమ్ముడూ. ట్రంకు పెట్టెలో, ఒకదానికొకటి అంటుకోకుండా మధ్యలో పాత చీర ముక్కలు పెట్టి. ఆడేవాళ్ళు తగ్గిపోయారు.

సఖినేటిపల్లి_నుంచి | మే 14, ఉదయం 11:00

2025లో వచ్చిన 'మహావతార్ నరసింహ' యానిమేషన్ సినిమాకి మా ఇంట్లో పిల్లలందర్నీ తీసుకెళ్ళాం. స్తంభం పగిలినప్పుడు హాల్లో పెద్దవాళ్ళు కూడా లేచి దండం పెట్టారు. మర్నాడు అంతర్వేది తీసుకెళ్ళమన్నారు. గుళ్ళో మా చిన్నాడు "సినిమాలో నరసింహస్వామి పెద్దగా ఉన్నాడు, ఇక్కడ చిన్నగా ఉన్నాడేంటి" అన్నాడు. నాకు మనసు చివుక్కుమంది.

అప్పుడు మా అత్తగారు వాణ్ణి బయటికి తీసుకెళ్ళి ఈ ఊరి కథ చెప్పారు. సినిమాలో ఉన్నది ప్రహ్లాదుడి కథ. ఇక్కడిది వేరు. హిరణ్యాక్షుడి కొడుకు రక్తవిలోచనుడు. వాడి రక్తం ఎన్ని ఇసుక రేణువుల మీద పడితే అంతమంది రాక్షసులు పుడతారని వరం. వశిష్ఠుడు మొరపెట్టుకుంటే స్వామి వచ్చాడు. రక్తం నేల మీద పడకుండా అమ్మవారు నాలుక చాపింది. తర్వాత ఆ రక్తమంతా ఏరై పారింది, దానికి రక్తకుల్య అని పేరు. వాడు ఇసుక మీద కాలు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి చూసుకున్నాడు. "ఇక్కడేనా?" అన్నాడు. ఇక్కడే అన్నారు అత్తగారు. ఇంక సైజు గురించి మాట్లాడలేదు.

సినిమా మీద నాకేం కోపం లేదు. పిల్లల్ని గుడిదాకా తీసుకొచ్చింది అదే. అక్కడి నుంచి ఇసుక దాకా తీసుకెళ్ళడానికి మాత్రం అత్తగారు కావాల్సొచ్చింది.

అమలాపురం_హైదరాబాద్ | మే 14, రాత్రి 11:40

నేను ఇక్కడ హైదరాబాద్‌లో పదిహేనేళ్ళుగా ఉన్నాను. గోదావరి పేరున్న హోటల్ కనిపిస్తే ఆగిపోతాను. డిజైనర్ గారూ, మీ పెట్టె కొనే మనిషిని నేనే. బాధపడొద్దు. నాకు ఆ పడవ కేరళదని తెలిసినా కొంటానేమో.

'మాయాబజార్' (1957)లో ప్రియదర్శిని పెట్టె గుర్తుందా? తెరిచినవాళ్ళకి ఎవరికి ఏది ఇష్టమో అదే కనిపిస్తుంది. శశిరేఖకి అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు, రేవతికి నగలు. అందరూ ఇక్కడిదాకా చెప్పుకుంటారు. నన్ను పట్టుకున్నది మాత్రం కృష్ణుడు తెరిచినప్పుడు. ఆయనకి శకుని కనిపిస్తాడు. ఇష్టుడు కాబట్టి కాదు, మనసంతా ఏ పని మీద ఉందో అది.

నాకు ఆ పెట్టె తెరిస్తే ఇన్నాళ్ళూ కొబ్బరి తోట కనిపించేది. రాజు గారి పోస్టు చదివాక నిజం ఒప్పుకుంటున్నాను. 1996 నవంబరు 6 తుఫాను రాత్రి నేను పదేళ్ళవాణ్ణి. తెల్లారి చూస్తే మా తోటలో చెట్లన్నీ ఒకే దిక్కుకి పడుకుని ఉన్నాయి, దువ్వెనతో దువ్వినట్టు. మా అమ్మ గట్టు మీద కూర్చుని పడిపోయిన చెట్లు లెక్కపెడుతోంది. ఆ తోట ఏ సినిమాలోనూ లేదు, నా పెట్టెలో కూడా లేకుండా చేసుకున్నాను. ఇష్టమైనదే చూడాలని పట్టుబట్టి ఉన్నదాన్ని మర్చిపోయాను.

పాతపుస్తకం | మే 15, ఉదయం 6:10

ఇది రాయాలా వద్దా అని రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను.

గోదావరి ఏడు పాయలై సముద్రంలో కలుస్తుందని, ఏడుగురు ఋషులు ఒక్కో పాయని తీసుకెళ్ళారని చెప్తారు. సప్తసాగర యాత్ర అని చొల్లంగి అమావాస్య నాడు కాకినాడ దగ్గరి చొల్లంగిలో స్నానంతో మొదలుపెట్టి ఏడు సంగమాల్లో మునిగేవారు. చొల్లంగి దగ్గర కలిసేది తుల్యభాగ. మా అమ్మ ఆ యాత్ర చేసింది. గౌతమి, వశిష్ఠ ఇంకా పెద్ద నదులే. మరి తుల్యభాగ ఏమైంది? కౌశిక ఏమైంది?

ఉన్నాయి. ఇరిగేషన్ వాళ్ళ పటాల్లో తుల్యభాగ డ్రైన్ అని ఉంటుంది. కౌశిక డ్రైన్ అని ఉంటుంది. పొలాల మురుగు, ఊళ్ళ మురుగు మోసుకెళ్ళే డ్రైన్లు. కౌశిక అంటే విశ్వామిత్రుడి పేరు పెట్టుకున్న పాయ.

గట్టుమీద గాలి గారి సినిమాలో మంత్రగత్తె పేరు తీసేసింది. మన దగ్గర పేరు ఎవరూ తీయలేదు. పేరు అలాగే ఉంచి, పక్కన ఇంకో మాట చేర్చారు. కంపు దేవత అనుకున్నది నది దేవత అని ఆ పిల్ల చెత్త లాగాక తెలిసింది. మనకి బోర్డు మీదే రాసుంది, చదువుకుంటూ ముక్కు మూసుకుని వెళ్తున్నాం. నేను కూడా బస్సులో అలాగే వెళ్ళాను, నలభై ఏళ్ళు.

రొయ్యల_చెరువు_రాజు | మే 15, ఉదయం 8:45

మాస్టారూ, చదివి చాలాసేపు ఏం రాయాలో తెలియలేదు.

మా చెరువు నీళ్ళు వదిలేది ఒక డ్రైన్లోకి. దాన్ని మేము మురుగుబోదె అంటాం. మా తాత మాత్రం ఏరు అనేవాడు, "ఏటవతల పొలం" అనేవాడు. ఏటి పేరు ఏంటని ఎప్పుడూ అడగలేదు. పేరుతో పని లేదని నేను మొన్న రాశాను. నీళ్ళ విషయంలో ఇప్పటికీ అదే మాట. వదిలే నీళ్ళు ముందు ఒక గుంటలో నిలబెట్టి, మడ్డి దిగాక వదలాలని మాకు చెప్తూనే ఉంటారు. దానికి అర ఎకరం పోతుందని నేను చెయ్యలేదు. ఏటిలోకి వదులుతున్నాను అనుకునుంటే చేసేవాణ్ణేమో. డ్రైన్ అంటే వదిలెయ్యడానికే ఉంది అనిపిస్తుంది కదండీ. ఆ మాటలోనే ఉంది.

మా అమ్మని అడుగుతాను ఏటి పేరు.

అట్టపెట్టెల_డిజైనర్ | మే 15, రాత్రి 10:15

రాజు గారూ, ఆ గుంట తవ్వితే చెప్పండి, వచ్చి చూస్తాను. నేనూ ఒక పని మొదలుపెట్టాను. యానాం వైపు పాత నావలు బాగుచేసే ఆయన దగ్గర కూర్చుని పొద్దుటి నుంచి గీస్తున్నాను. తెరచాప కొయ్య ఎక్కడ నాటుతారో నాకు ఇప్పుడు తెలిసింది. వచ్చే పెట్టె మీద ఈ పడవే వేస్తాను.

గట్టుమీద_గాలి | జూన్ 9, రాత్రి 9:20

ఇన్ని రోజులు రాయలేదు, క్షమించండి. పేరు కోసం తిరుగుతున్నాం.

ముందు కాలవ తలుపులు చూసుకునే లస్కరు గారి దగ్గరికెళ్ళాం. తలుపులకి గ్రీజు పెట్టి, నీలం పెయింటు వేస్తున్నారు. ఆయన దగ్గర ఉన్నది కాలవ నంబరే. అదే పేరు అన్నారు. అమ్మాయి ఒప్పుకోలేదు. తర్వాత గుడి పక్కన ఉండే ముసలమ్మ గారిని అడిగాం, ఎనభై దాటాయి ఆవిడకి. చాలాసేపు ఆలోచించి, "తాటిపట్టెల కాలవ అనేవోళ్ళం" అన్నారు. వంతెన లేనప్పుడు మూడు తాటిపట్టెలు వేసి ఉండేవట. పెళ్ళై కాపరానికి వచ్చిన రోజు ఆ పట్టెల మీద నుంచే నడిచొచ్చారట. జారతానేమోనని ఆవిడ చెయ్యి పట్టుకున్నది ఎవరో కూడా చెప్పారు. అది ఇక్కడ రాయను.

అమ్మాయి లస్కరు గారిని అడిగి మిగిలిన నీలం పెయింటు తెచ్చి రేవు దగ్గర సిమెంటు దిమ్మ మీద రాసింది. 'తాటిపట్టల కాలవ' అని రాస్తే ఆయనే చూసి, పట్టల కాదమ్మా పట్టెల, ఎత్వం పెట్టు అని దిద్దించారు.

నిన్న మధ్యాహ్నం నీళ్ళొచ్చాయి. ఎర్రగా, ముందు నురగ, ఎండాకులు, ఆ వెనకాల నీళ్ళు. అంతకుముందు రోజు సాయంత్రం తాడు కట్టి సైకిల్ చక్రం లాగేశాం, గుర్రపుడెక్క వేళ్ళతో సహా వచ్చింది. మేత బస్తాలు పెదనాన్న గారి పనివాళ్ళు ఇద్దరొచ్చి తీశారు. వినాయకుడి చట్రం మాత్రం రాలేదు. నలుగురం లాగినా కదల్లేదు, బాగా లోతుకి దిగిపోయింది. నీళ్ళు దాని మీద నుంచి వెళ్ళిపోయాయి. ఎక్కడుందో గుర్తుగా అమ్మాయి గట్టు మీద ఒక కర్ర పాతింది.